ఐదో నంబరు తీగ

మా తమ్ముడు బాలమల్లు సైకిలు మీంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడని కబురు వచ్చేసరికి నేను సిరిసిల్లలో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతున్నాను. చేతిలో పని అక్కడే వదిలేసి, రెండు పూటలు వండుకు తినడం చాతగాని మా ఆయన్ని ఆయన ఖర్మకు వదిలేసి, కాగజ్‌నగర్ బయల్దేరాను. చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది.

నేను వెళ్ళేసరికి ఇంటి నిండా జనం. ఎడమ చెయ్యే కదా, అదృష్టం బాగుంది, అన్నం తినే చెయ్యి మిగిలింది అని వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళకేం తెలుసు? మా వాడు గిటార్ తీగలు నొక్కేది ఆ ఎడమ చేత్తోనే.

మగ్గం నేసే సాలోళ్ళ పిల్లగాడికి గిటార్ ఏమిటని మీరూ అడుగుతారు, మా కులంవాళ్ళూ అడిగారు. వాడికి చిన్నప్పటినుంచీ నత్తి. మాట నోట్లో అడ్డంపడి మెడ నరాలు ఉబ్బేవి. ఎదుటివాళ్ళు ఆగలేక వాడి మాట వాళ్ళే పూర్తి చేసేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నేనే చేసేదాన్ని, నాకు ఓపిక తక్కువ. వాడు మగ్గం వదిలి కాగితం మిల్లులో పనికి కుదిరాక, పక్క క్వార్టర్లో గోవా నుంచి వచ్చిన ఫిట్టరు ఒకడుండేవాడు. ఆ ఫిట్టరు వీడికి గిటార్ నేర్పి, సొంత ఊరికి వెళ్ళిపోతూ ఆ గిటార్‌ను వీడికే ఇచ్చిపోయాడు. అది చేతిలో ఉన్నంతసేపూ మా వాడికి నత్తి అన్నదే లేదు. కార్మికుల నాటకాల్లో హార్మోనియం పక్కన కూర్చుని వాయిస్తుంటే, ఒక్కడు కూడా మధ్యలో అడ్డం వచ్చేవాడు కాదు. నేను కూడా నోరు మూసుకుని విన్నాను, ఇంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలి?

కట్టు విప్పాక చూస్తే ఎముక అతుక్కుంది కాని వేళ్ళలో సత్తువ లేదు. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. వేళ్ళను రోజూ ఆడిస్తుండమనీ, బలం మెల్లగా అదే వస్తుందనీ, మొండిగా బిగించవద్దనీ డాక్టరు చెప్పాడు. మిల్లువాళ్ళు కూర్చుని చేసే పని ఇచ్చారు కాబట్టి పూట గడవడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా గోడకు వేలాడుతున్న ఆ గిటార్‌తోనే. మా వాడు పొద్దున లేస్తూనే దాన్ని చూసేవాడు, తీసేవాడు కాదు. భయమని నాకు అర్థమైంది. ఊరికే కూర్చుంటే వేళ్ళు కొయ్యబారిపోతాయిరా అని నేను తిట్టీ తిట్టీ ఒకరోజు తీయించాను. నొక్కాడు. తీగ, గిటార్ మెడమీద అడ్డంగా ఉండే మెట్టుకు సగం దూరం దిగి అక్కడే ఆగింది. మోత రాలేదు, టక్కుమని చచ్చిన చప్పుడు వచ్చింది.

తీగలు సన్నవైతే నొక్కడానికి ఇంత బలం పట్టదని వాడే చెప్పాడు, నాలుగు మాటలకు చాలాసేపు తీసుకుని. అది వినగానే వాడి పెండ్లాం, మా మరదలు బాలలక్ష్మి కండ్లు మెరిశాయి. ఆ పిల్లది మాలాగే నేతింటి పుట్టుక. నూలు పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒక్కసారి నలిపిందంటే అది ఎన్నో నంబరు నూలో చెప్పేస్తుంది. తన చేతిమీద దానికి గర్వం కూడా ఉంది, ఉండాల్సిందే. నాటకాల్లో హార్మోనియం వాయించే కొండల్ ఏదో పనిమీద హైదరాబాద్ పోతుంటే, ఎదురు వెళ్ళి పట్టుకుంది. ఇప్పుడున్న తీగలు ఏ నంబరువని అడిగింది. పై తీగ మూడో నంబరు, మిగతావి దానికి తగ్గట్టుగా దుకాణంవాడే ఏరి ఇస్తాడన్నాడు కొండల్. అయితే ఈసారి ఐదో నంబరు తెమ్మని చెప్పింది. నేను ఆ పక్కనే నిలబడి చాటతో బియ్యం చెరుగుతున్నాను. మూడు కాదు, ఐదు, మరిచిపోకు అని నేను కూడా గట్టిగా ఒక మాట వేశాను.

కొండల్ తెచ్చాడు. ఆదివారం నాటకాల హాల్లో తనే పాతవి తీసి కొత్తవి బిగించి, శ్రుతి చేసి ఇంటికి తీసుకొచ్చి మా వాడి ఒళ్ళో పెట్టాడు. అరుగుమీద వాడు కూర్చున్నాడు. బాలలక్ష్మి తలుపు పట్టుకుని నిలబడింది. పండగనాడు పిల్లలకు కొత్త బట్టలు తొడిగించి చూస్తారే, అట్లా చూస్తోంది. వాడు వేళ్ళు తీగలమీద పెట్టి నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. నుదుట చెమట పట్టింది. తీగ దిగలేదు. అంతకుముందు సగం దూరమన్నా దిగిన తీగ ఈసారి కదలనన్నా కదల్లేదు. వేళ్ళు తీసి చూసుకుంటే కొసల్లో ఎర్రటి గాట్లు.

సన్న తీగే నొక్కలేకపోతే ఇంకేముంది? మొద్దుబారిన వేళ్ళకు తీగ లావు తెలియక వాడట్లాగే అనుకున్నాడు. మేమూ అట్లాగే అనుకున్నాం. గిటార్‌ను పక్కన పెట్టి నావైపు తిరిగాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంతసేపు పట్టిందో! నేను మాత్రం ఆ రోజు వాడి మాట పూర్తి చేయలేదు, నాకు ధైర్యం లేకపోయింది.

"నో... నోరు ఎట్లగూ లేకపాయె. ఇగ చెయ్యి గూడ పోయిందక్కా."

నా గుండె చెరువైంది. ఊకో తమ్మీ, అట్లనకు అన్నాను. వాడు కొండల్‌ను పిలిచి, గిటార్ నాటకాల హాలుకు తీసుకుపొమ్మన్నాడు, వాయించేవాడెవడైనా ఉంటే ఇమ్మన్నాడు. కొండల్ కండ్లు తుడుచుకుని, మర్నాడు సాయంత్రం వచ్చి పట్టుకుపోతానన్నాడు. ఆ రాత్రి వాడు ముద్ద ముట్టలేదు. బాలలక్ష్మి కంచం ముందు కూర్చుని కూర్చుని లేచిపోయింది.

మర్నాడు వాడు పనిమీంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పరాయి ఇంటికి పోతోంది, దుమ్ముతో ఎట్లా పంపేది అని బాలలక్ష్మి పాత చీర పేలిక తడిపి గిటార్ తుడవడం మొదలుపెట్టింది. చెక్క తుడిచింది, మెడ తుడిచింది. ఒక్కొక్క తీగనూ వేళ్ళ మధ్య పట్టి కిందిదాకా లాగుతూ తుడుస్తోంది. చివరి తీగ దగ్గర దాని చెయ్యి ఆగిపోయింది. గుడ్డ పడేసి ఉత్త వేళ్ళతో పట్టింది. నలిపింది. మళ్ళీ నలిపింది.

"వదినె, జర గిది వట్టి సూడు," అంది నెమ్మదిగా.

పట్టాను. నేనూ నేతింటి ఆడదాన్నే. కొండల్ విప్పిన పాత తీగలు నిన్న కాగితంలో చుట్టి ఇచ్చిపోయాడు, వాటిలో అదే చివరి తీగ తెచ్చి రెండో చేత్తో పట్టాను. కండ్లు మూసుకుని చూశాను, మళ్ళీ తెరిచి చూశాను. కొత్తది లావు. సందేహం లేదు, పోగుమీద పోగు వేసినంత లావు.

నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. కొండల్ ఇల్లు నాలుగు ఇండ్ల అవతలే. గొంగడి కప్పుకుని కునుకు తీస్తున్న మనిషిని లేపి, సన్నది తెమ్మంటే లావుది ఎందుకు తెచ్చినవని వీధిలో అందరూ వినేట్టు అడిగాను. పాపం వాడు బిత్తరపోయాడు.

"ఐదు దెమ్మన్నరు, ఐదే తెచ్చిన. తీగకు నంబరు పెరిగితే లావైతది గదక్కా. మోత పెద్దగ కావాలని అడిగిండ్రనుకున్న."

నేను వాడి వాకిట్లోనే కూలబడ్డాను. మాకు నూలు నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇరవై నంబరుతో దుప్పటి నేస్తాం, నలభైతో ధోవతి, ఎనభై అయితే సన్న చీర. పుట్టినప్పటినుంచీ చూసిందదే. ప్రపంచంలో ఎక్కడైనా పెద్ద నంబరుకు లావు పోగు ఉంటుందని మాకు కలలో కూడా తోచదు. కొండల్ ఇంకా చెబుతూనే ఉన్నాడు, లావు తీగను అదే శ్రుతికి తేవాలంటే మరింత గుంజి కట్టాలట, అంత గుంజితే గిటార్ మెడ కాస్త వంగి తీగలు పైకి లేస్తాయట, అప్పుడు బాగున్న చేతికే నొక్కడం కష్టమట. ఈ ముక్క నిన్ననే ఏడ్వచ్చు గదరా అన్నాను. కొత్త తీగలు అలవాటు పడేదాకా ఎవరికైనా కష్టమే గదా అనుకున్నాడట. ఇక ఆ మనిషిని ఏమని తిట్టేది?

ఇంటికొచ్చి చెబితే బాలలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. దాని మొహంలో నెత్తురు లేదు. నిన్నటినుంచీ మొగుడు పడ్డ బాధంతా తన చేతి మీదుగా వచ్చిందని దానికి అర్థమైంది. నేను చెప్పనా అన్నాను. వద్దని తల ఊపింది. వెళ్ళి మంచం పట్టెమీద కూర్చుంది. వాడు ఇటు తిరగలేదు.

"ఇగో, జర నా మాట ఇను. నీ చెయ్యి మంచిగనే ఉన్నది. తప్పు నేను జేసిన. నూలు లెక్కనే అనుకొని లావు తీగలు దెప్పిచ్చిన. నువ్వు నొక్కింది సన్న తీగలు గాదు."

వాడు లేచి కూర్చున్నాడు. కోప్పడతాడనుకుని ఆ పిల్ల తల వంచుకుంది.

"మళ్ల చె... చెప్పు," అన్నాడు.

"తప్పు నాదే అంటున్న."

"ఇంకోపారి చెప్పు."

అప్పుడు తలెత్తి చూసింది. వాడు నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఆ ఎడమ చేతిని ఇటూ అటూ తిప్పి, అప్పుడే కొత్తగా మొలిచినట్టు చూసుకుంటున్నాడు. తప్పు నాదే, తప్పు నాదే అని అది ఏడుస్తూ చెబుతోంది, వాడు అడిగి అడిగి చెప్పించుకుంటున్నాడు. మొగుడూ పెండ్లాల మధ్య ఇట్లాంటి తగువు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరినీ కలిపి తిట్టేశాను.

కొండల్ మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి ఒకటో నంబరు. తెచ్చాక వాటిని బిగించకముందే ప్రతి తీగనూ బాలలక్ష్మి, ఆ తర్వాత నేను నలిపి చూశాం. మొదటి రోజు మా వాడి వేలికింద తీగ మెట్టు దాకా దిగింది. స్వరం పలికింది. ఒక్కటే స్వరం, అదీ చివర్లో వణికింది. చాలు అనుకున్నాం. ఆ తర్వాత వానలు పడి వెలిసేలోగా మూడు వేళ్ళు దారికొచ్చాయి.

అయితే ఒక సంగతి దాచకూడదు. ఆ సన్న తీగలకు వెనకటి గంభీరం లేదు. లావు తీగకు చెక్కంతా మోగేది, దీనికి పైపైన పలుకుతుంది. కాస్త గట్టిగా మీటితే జుయ్యిమని మెట్లకు కొట్టుకుంటుంది. నాటకంలో వాయిస్తే వెనక వరుసకు వినిపించలేదు, హార్మోనియం కిందే మునిగిపోయింది. నాటకాలవాళ్ళు మొహమాటపడుతూనే, వీలైతే మళ్ళీ మూడో నంబరు కట్టమన్నారు. మా వాడు చూద్దామన్నాడు. నేను సిరిసిల్లకు తిరుగు ప్రయాణం కట్టుకున్న రోజు సాయంత్రం కూడా ఆ సన్నవే ఉన్నాయి.

ఆ సాయంత్రం వాడు అరుగుమీద కూర్చున్నాడు. నేను పక్కనే మూట సర్దుకుంటున్నాను. బాలలక్ష్మి లోపల నాకోసం దారిలో తినడానికి రొట్టెలు చేస్తోంది. కొంతసేపటికి లోపల్నుంచి, గిటార్ పట్టుకొని కూసుండుడేనా, ఎప్పుడు మొదలువెడ్తవని కేకేసింది.

మా వాడు అప్పటికి ఎంతో సేపటినుంచి వాయిస్తున్నాడు.

"మొ... మొదలువెట్టి శానసేపాయె. ఇనాల్నంటే గీడికి రావాలె."

అది పిండి చేతులతోనే బయటికొచ్చింది. రెండడుగుల దూరంలో నిలబడింది. అక్కడికీ సరిగ్గా వినిపించలేదేమో, వచ్చి వాడి పక్కన, చెక్కకు మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. పెండ్లయిన ఇన్నేండ్లలో వాడు వాయిస్తుంటే అది పని మానుకుని కూర్చోవడం నేను చూడలేదు. వాడు తల వంచి, వేళ్ళు చూసుకుంటూ, దానికి మాత్రమే వినిపించేంతగా వాయిస్తున్నాడు.

పెనంమీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. లేవబోయిన దాన్ని భుజంమీద చెయ్యి వేసి కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. రొట్టె తిప్పి, పొయ్యి ముందు కూర్చుని చెవి ఒగ్గాను. ఒక్క ముక్క కూడా వినిపించలేదు. నా తమ్ముడు మనసువిప్పి ఏదో చెబుతున్నాడు, అది వినవలసిన మనిషి పక్కనే ఉంది. నేను ఏడుస్తూ మిగతా రొట్టెలు చేసుకున్నాను.