జిప్పుకు వేలాడే టికెట్లు

మార్చి సెలవులకు కొలరాడో ప్రయాణం అనగానే ఈసారి కెండ్రాకు చిరాకేసింది. ఆ వారం వీళ్లుండే లబ్బక్‌లో సగం ఊరు మంచు కొండలకే పరిగెత్తుతుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ వీళ్లూ ఏటా వెళ్లినవాళ్లే. ముందు సీట్లో అమ్మ, ఆవిడ ఒళ్లో మ్యాపు, వెనక కెండ్రా. అమ్మ పోయాక రెండు సెలవులు ఇంట్లోనే గడిచాయి. ఇప్పుడు నాన్న డ్వేన్‌కు ఉన్నట్టుండి మంచు గుర్తొచ్చింది. అలా గుర్తు రావడానికి కారణం వంటింటి బల్ల దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది. పేరు షెల్బీ, ఊరు హ్యూస్టన్.

బల్ల మీద అమ్మ మ్యాపు పరిచి ఉంది. దాని మీద నాన్న మొరటు వేలూ, ఆవిడ గులాబీ గోరూ కలిసి ప్రయాణం చేస్తున్నాయి.

“దారిలో రాటన్‌లో ఆగి ఏమైనా తిందామా?” అంది షెల్బీ.

“నువ్వెక్కడ ఆగమంటే అక్కడ, బంగారం.”

యాభై ఏళ్ల మనిషి నోట ఆ ‘బంగారం’ వినేసరికి కెండ్రాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. బాత్‌రూంకి ఆపమంటే పెట్రోల్ బంకు వచ్చేదాకా బిగపట్టుకోమని సణిగే మనిషి ఈయనేనా?

“నీకు ఏ గది కావాలో చెప్పమ్మా. కొండ కనిపించే గది నీకే ఇద్దామని మీ నాన్నతో అన్నాను,” అంది షెల్బీ.

“మీ దయ, మిస్ షెల్బీ.”

పెద్దవాళ్లను అలా పిలవడం అక్కడ మర్యాదే. కెండ్రా నోట మాత్రం అది ఉమ్మినట్టే వచ్చింది.

“నోరు జాగ్రత్త, కెండ్రా,” అన్నాడు నాన్న మ్యాపు మీంచి తలెత్తకుండా. ఆ వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు లేచి గరాజ్‌లోకి వెళ్లాడు.

స్కీయింగ్ కోసం వేరే బట్టలు కొనడమంటే ఆ ఇంట్లో దండగ కింద లెక్క. జీన్స్ మీద నీళ్లు ఇంకకుండా స్ప్రే కొట్టేస్తారు. పైన జింకల వేటకు వాడే దళసరి కోటు తగిలించుకుంటారు. కొండ మీద జనం చూసి నవ్వుతారు, నవ్వుకోనీ. అమ్మ రోండాది నారింజ రంగు వేట కోటు. కొండెక్కించే లిఫ్టుకు ఇచ్చే టికెట్‌ను తీగతో కోటు జిప్పుకు కట్టుకుంటారు. తిరిగొచ్చాక దాన్ని లబ్బక్‌లో ఎవరూ తీయరు. ఏప్రిల్ ఎండలో చెమటలు కారుతున్నా ఆ కోటుతోనే చర్చికి వస్తారు, వెళ్లొచ్చామని పదిమందికీ తెలియాలి కదా! అమ్మయితే ఏ ఏటి టికెట్‌నూ తీయలేదు. గుత్తిగా వేలాడుతుంటే “నా పతకాలు” అనేది. మంచు మీద ఆవిడ నిలబడ్డ దానికన్నా పడ్డదే ఎక్కువ.

నాన్న ఆ కోటే పట్టుకొచ్చాడు. “ఇది వేసి చూడు, షెల్బీ. నీకు అచ్చంగా సరిపోతుంది.”

జిప్పు బోసిగా ఉంది.

కెండ్రాకు నోరు చేదెక్కింది. “టికెట్లేవీ?”

ఆమె షెల్బీ మీదికి తిరిగింది. “చచ్చిపోయిన మనిషి కోటు తొడుక్కోవడానికి సిగ్గనిపించట్లేదూ? పైగా ఆవిడ టికెట్లు కత్తిరించి మరీనా? ఛీ! మిమ్మల్ని చూస్తేనే రోత పుడుతోంది.”

షెల్బీ మొహం పాలిపోయింది. “నేనీ కోటును చూడ్డం ఇదేనమ్మా. డ్వేన్, ఇది రోండాదా? పాత కోటేదో ఉందన్నావు కానీ, ఆవిడదని చెప్పలేదే!”

“పాతదేగా,” అని నసిగాడు నాన్న. “ఇవాళ పొద్దున నేనే కత్తిరించా, షెల్బీ. అవి చూస్తే నీకు ఇబ్బందిగా ఉంటుందని...”

ఇందాకటిదాకా షెల్బీ మీదున్న అసహ్యం ఒక్కసారిగా నాన్న మీదికి మళ్లింది. ఆవిడకేం తెలుసు, ఎక్కడో హ్యూస్టన్ మనిషి. అమ్మ పడ్డ ప్రతిసారీ చెయ్యిచ్చి లేపిన మనిషికి తెలియదా అవేమిటో?

“ఎక్కడ పారేశావ్?”

నాన్న చూపు చెత్తబుట్ట వైపు పోయింది.

కెండ్రా మోచేతిదాకా చెయ్యి పెట్టింది. కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు, పొద్దుటి బేకన్ కొవ్వు. ఆ కొవ్వు గడ్డకట్టి వేళ్లకు జిగటగా అంటుకుంది. వాసనకు వాంతి వచ్చినంత పనైంది. అయినా ఒక్కొక్కటే ఏరింది.

“వదిలెయ్, తల్లీ. చేతులు పాడవుతాయి.”

“నా చేతులకేం, నాన్నా. కడిగితే పోతుంది.”

నాన్న తల దించుకున్నాడు. షెల్బీ కోటును మడిచి కుర్చీలో పెట్టి, “నేనిది వేసుకోను,” అంది. మెల్లగా మ్యాపు కూడా కెండ్రా వైపు జరిపింది. కెండ్రా ఆవిడకు థాంక్స్ చెప్పలేదు. అంత మంచితనం ఆ పూట ఆమె దగ్గర లేదు.

టికెట్లన్నిటినీ తీగకు గుచ్చి తన కోటు జిప్పుకు బిగించుకుంది. వాటి నుంచి కాఫీ నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

“నేనూ వస్తున్నా. ముందు సీట్లో కూర్చుంటా. మ్యాపు నా దగ్గరే ఉంటుంది.”

“అవి కంపు కొడుతున్నాయే,” అన్నాడు నాన్న.

“కొట్టనీ. కొలరాడో దాకా కొట్టనీ. నువ్వు కిటికీ అద్దం దించావంటే ఊరుకోను.”