గాంధారి ఏడుపు

నా జతగాడు దేవరాజులు గాంధారి వేషం కట్టి ఏడుస్తుంటే జనం నవ్వేవాళ్లు. మా ఊరి ధర్మరాజుల గుడి ముందు ఏటా ఎండాకాలంలో భారతం ఆడతారు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. మిట్ట మీద మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకొని ఉంటాడు. భీముడు తొడ పగలగొట్టగానే తల్లి గాంధారి చీపురు పట్టుకొని వచ్చి, ఏడుస్తూ, దొరికిన వాళ్లనల్లా కొడుతుంది. ఆ దెబ్బ తగిలితే పీడ పోతుందని ఆడవాళ్లు తలలు వంచుకొని ఎదురుపోతారు. చీపురు తిప్పడంలో మావాడికి సాటి లేదు. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు మేక గొంతు అయ్యేది. పక్కన మద్దెల వాయించే నాకే నవ్వు ఆగేది కాదు.

కార్గిల్ యుద్ధంతో అదంతా మారిపోయింది. వడమాలపేట పక్కన మా పల్లెలో మిలిట్రీకి పోయినవాడు ఒక్కడే, యశోదమ్మ కొడుకు మునీంద్ర. వాడు జెండా కప్పిన పెట్టెలో తిరిగొచ్చాడు. ఎన్నడూ మా ఊరి మొహం చూడని నాయకులు కార్లేసుకొని వచ్చారు. దండలు వేశారు, ఫొటోలు దిగారు. వీరమాత కంట తడి పెట్టకూడదని ఒకాయన యశోదమ్మ చెయ్యి పట్టుకొని మరీ చెప్పాడు. ఆయన్ని ఒకటి పీకాలనిపించింది నాకు. ఆమె పాపం తల ఊపి, రాయిలా నిలబడింది.

కార్లు పోయాక పెరట్లోకి వెళ్లి కూలబడింది. అప్పుడు ఏడ్చింది. అందరిలా గుండెలు బాదుకోలేదు. అరచేత్తో నోటి మీద కొట్టుకుంది.

"ఇంకో వారం ఉంటానంటివే నాయనా. ఉద్యోగం పోతాది పొమ్మంటినే. ఈ నోటితోనే పొమ్మంటినే."

అక్కడున్న నాలుగిళ్ల వాళ్లం ఏడ్చాం. దేవరాజులు మాత్రం ఏడవలేదు. గోడకు ఆనుకొని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. మునీంద్రను చిన్నప్పుడు భుజాన వేసుకొని తిప్పినవాడు. గుండె గట్టి చేసుకున్నాడనుకున్నాను.

తర్వాతి ఎండాకాలం భారతంలో దుర్యోధనుడు కూలాడు. గాంధారి వచ్చింది. గొంతు మేకది కాదు. కొడుకు మట్టి తల పక్కన కూలబడి, అరచేత్తో నోటి మీద కొట్టుకుంది. "గెలవమని దీవించమంటివే నాయనా. ఈ నోటితోనే కాదంటినే." గాంధారి కథ కూడా అదే కదా. యుద్ధానికి పోయే కొడుకుకు గెలుపు దీవెన ఇవ్వని తల్లి ఆమె. అతికినట్టు సరిపోయింది. మిట్ట మిట్టంతా గొల్లుమంది. ఎప్పుడో జరిగిన యుద్ధం మా కళ్ల ముందుకు వచ్చి పడింది. నా చెయ్యి మాత్రం మద్దెల మీద ఆగిపోయింది. ఆడవాళ్ల మధ్య నుంచి యశోదమ్మ లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంటి దారి పట్టింది.

దేవరాజులు ఆమెను చూశాడు. చూసి కూడా ఆపలేదు. ఆ రోజు వాడి భుజం తట్టి మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఏడుపు పేరు కార్వేటినగరం దాకా పోయింది. మా వాడు మాత్రం అప్పటి నుంచి యశోదమ్మ వీధిలో అడుగు పెట్టలేదు. పొలానికి చుట్టు తిరిగి పోయేవాడు.

మళ్లీ భారతం దగ్గర పడింది. మేమిద్దరం వాడి అరుగు మీద కూర్చొని ఉండగా యశోదమ్మే వచ్చింది. దేవరాజులు లేచి నిలబడ్డాడు.

"కూర్చో అన్నా. తిట్టేదానికి రాలేదు" అంది. "ఆ పొద్దు నీ ఆట సూసినాను గదా. అప్పట్నుంచి నాకు ఏడుపు రాలేదు. పిల్లోడు గుర్తుకొస్తాడు. గొంతు దాకా వస్తాది, చెయ్యి నోటి మీదికి పోతాది. అంతలోనే చీర కట్టుకోని నువ్వు కనబడతావు. నా ఏడుపు నాకే ఆట మాదిరి ఉండాది."

"తప్పయిపోయింది తల్లీ" అన్నాడు వాడు.

"తప్పని నాకూ తెలుసు. వాళ్లు వీరమాతని నోరు కట్టేసి పోయినారు. మిగిలింది ఆ ఏడుపొకటే. దాన్ని నువ్వు ఎత్తుకపోయినావు. నాది నాకు ఇచ్చేయన్నా."

"ఈసారి ఆ ఏడుపు ఏడ్సను. ధర్మరాజుల మీద ఒట్టు."

"నువ్వు ఏడ్సకపోతే నాకు తిరిగొస్తాదా?"

ఆ మాట అనేసి ఆమె వెళ్లిపోయింది.

"ఏడ్సాలనే పోయినాను అబ్బా, మునీంద్రను తెచ్చిన పొద్దు" అన్నాడు దేవరాజులు నాతో. "నేను ఎత్తుకోని తిప్పిన బిడ్డ. ఆయమ్మ నోటి మీద కొట్టుకుంటానే నా కండ్లు ఆరిపోయినాయి. చెయ్యి యాడ పడతా ఉండాది, మాట యాడ తెగతా ఉండాది అని సూస్తా నిలబడినాను. నేనేం మనిషిని?"

మా గుడి పెద్ద గంగాధరానికి ఈ బాధలేం పట్టవు. "పోయినేడు మాదిరే ఏడ్సాలప్పా, ఊర్లూర్ల నుంచి వస్తా ఉండారు" అని పదిసార్లు చెప్పిపోయాడు.

చివరి రోజు మిట్ట నిండిపోయింది. దుర్యోధనుడు కూలాడు. గాంధారి వచ్చి నోరు తెరిచింది. పాత మేక గొంతు. కావాలనే అలా ఏడ్చాడని నాకొక్కడికే తెలుసు. జనం ముందు తెల్లబోయారు, తర్వాత పకపకా నవ్వారు. గంగాధరం పళ్లు నూరాడు. దేవరాజులు తల వంచుకొని, చీపురు తిప్పుతూ ఆడవాళ్ల వైపు నడిచాడు. తలలు వంచినవాళ్లలో యశోదమ్మ ఉంది.

లేచిన చీపురు లేచినట్టే ఆగింది. ఆమె తలెత్తి వాణ్ని చూసింది. చీపురు లాక్కొని భుజం మీద కొట్టింది, వీపు మీద కొట్టింది. వాడు దెబ్బలకు ఒంగి నిలబడ్డాడు. ఇదీ ఆటే అనుకొని జనం ఇంకా నవ్వారు. కొట్టీ కొట్టీ ఆమె చెయ్యి పడిపోయింది. మట్టి మనిషి పక్కన కూలబడింది. ఈసారి చెయ్యి నోటి మీదికి పోలేదు, మాటా లేదు. కడుపులోంచి ఒకటే కూత పెట్టింది. నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్లు పరుగున వచ్చి పట్టుకున్నారు.

నా గుండె తేలికైంది. దేవరాజులు కోసం చూస్తే, దుర్యోధనుడి తల వెనక, చీర కుచ్చిళ్లు మట్టిలో పడేసుకొని, రెండు చెవులూ గట్టిగా మూసుకొని కూర్చొని ఉన్నాడు. దగ్గరికి పోయి చేతులు లాగాను.

"లే అప్పా. ఆయమ్మ ఏడుపు ఆయమ్మకు తిరిగొచ్చినాది. నీ పాపం తీరినట్టే."

వాడు తల అడ్డంగా ఊపాడు. మొహం రంగంతా చెమటకు కారిపోతోంది.

"నన్ను ఈడ్నుంచి తీసకపో అబ్బా. ఆ కూత యాడ ఎత్తుకున్నాది, ఊపిరి యాడ తీసుకుంటా ఉండాది, అంతా వినబడతా ఉండాది. వద్దంటే నిలవదే. నేర్చుకుంటానే ఉండాను."