అందరికీ అవునన్న బాలామణి

రాయగడలో స్టేషన్ రోడ్డు పక్క సందులో తెల్లారేసరికే బాలామణి కుట్టుమిషను చప్పుడు మొదలవుతుంది. జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు పొట్ట కోసం. మనసు కోసం మాత్రం బొంతలు. పాత చీరలు పొర మీద పొర పేర్చి, చీమల బారులాంటి సన్నకుట్టుతో ఆమె కుట్టిన బొంతని చూస్తే కప్పుకోవాలో, గోడకి తగిలించుకోవాలో తెలిసేది కాదు. సందులోవాళ్ళు మాత్రం "పాతగుడ్డల పని" అనేసి వెళ్ళిపోయేవారు.

పోయిన దసరాకి ఆమె అన్న కూతురు లక్ష్మిప్రియ అత్త ఫోనులో మెయిలు తెరిచి, చేతిపనులు చేసే ఆడవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో చేర్పించింది. కోరాపుట్ కాలేజీలో చదువుతున్న పిల్ల, ఇలాంటివన్నీ ఇట్టే చేసేస్తుంది. రెండు బొంతల ఫోటోలు కూడా పెట్టింది. అక్కణ్ణుంచి మొదలైంది వరద. ఆ గ్రూపు ఇంకో గ్రూపుని పిలుచుకొచ్చింది, అది మరో నాలుగింటిని. కేకులు చేసేవాళ్ళు, ఊలు అల్లేవాళ్ళు, కంపెనీలు పెట్టేవాళ్ళు, కంపెనీలు పెట్టేవాళ్ళకి సలహాలిచ్చేవాళ్ళు. ‘అవును’ అనే నీలంరంగు మీట కనిపించిన ప్రతిచోటా బాలామణి నొక్కేసేది. గుమ్మంలోకి వచ్చి పిలిచినవాళ్ళకి పలకకుండా ఉండడం ఆమె ఇంటా వంటా లేదు.

మొదట్లో మహా సంబరంగా ఉండేది. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఎవరూ అభినందించి ఎరగరు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు "అభినందనలు బాలామణీ!" అనేవారు. ఫోను ఇంగ్లీషుని తెలుగు చేసి చూపిస్తే కూడబలుక్కుని చదివి, మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరు నడిపే మొగుడు తిరుపతిరావుకి వినిపించేది.

"ఈ వారం మిమ్మల్ని సానామంది సూసేరు అని రాసేరు."

"ఎక్కడ సూసేరే? ఎవులాళ్ళు?" అన్నాడతను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి. ఆ సాయంత్రం సందు మొగలో నిలబడి వచ్చీపోయేవాళ్ళని ఎగాదిగా చూశాడు.

చివరికి ఒకనాడు ఫోను చేతులెత్తేసింది. చోటు లేదు, కొత్త మెయిళ్ళు రావు అంది. సెలవులకి ఇంటికొచ్చిన లక్ష్మిప్రియ శనివారం పొద్దున్న అత్త అరుగు మీద కూర్చుని ఫోను తెరిచి, నోరు తెరిచింది.

"ఏటిదత్తా! ఇది మెయిలా, సంతా? మొత్తం ఒక్కసారే తీసేత్తాను."

"ఓలమ్మో! అలాగెలా తీసేత్తావే అమ్మీ? ఇంతమంది పిలిసేరు. ఒక్కులికైనా పలకొద్దా?"

"ఆళ్ళు మనుసులు కాదత్తా. మిషన్లు."

"మిషనయితే మాత్రం? నా కుట్టుమిషనుకి నాను రోజూ దణ్ణం ఎట్టుకోటం నేదా?"

ఒక్కొక్క గ్రూపుకీ మర్యాదగా సెలవు చెప్పి బయటికొచ్చేద్దామని ఒప్పందానికొచ్చారు. మొదటిది ఊలు అల్లేవాళ్ళది. వద్దని నొక్కగానే "మీరు వెళ్ళిపోతున్నందుకు మాకు చాలా బాధగా ఉంది" అని తెర మీద వచ్చింది.

బాలామణి పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. "పాపం, బాధపడతన్నారు. ఉండనీయే."

"అందరికీ అదే రాత్తారత్తా!" అని పిల్ల కిందికి జరిపింది. "ఎందుకు ఎల్తన్నారో కారణం సెప్పమంటన్నారు."

బాలామణి కొంగు సర్దుకుని కూర్చుంది. "కారణమేటీ లేదు, మీరు మంచోలే, మా ఫోనే సిన్నది అని రాయి."

లక్ష్మిప్రియ అదే రాసింది. రాసి పడీపడీ నవ్వింది. అత్తకీ నవ్వొచ్చింది. ఇక ఇద్దరికీ పూనకం పట్టింది. ఒక్కొక్క గ్రూపునీ చుట్టాల్ని సాగనంపినట్టు సాగనంపారు. కేకులవాళ్ళకి "పొయ్యి జాగర్త తల్లీ" అని, కంపెనీలవాళ్ళకి "పెద్ద పెద్ద మేడలు కట్టండి నాయనా" అని, సలహాలవాళ్ళకి "మీకూ ఎవులైనా మంచి సలహా ఇవ్వాల" అని దీవెనలు పెట్టారు. కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. ఎదురింటి సూర్యకాంతమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏటమ్మా, ఇంటిల్లిపాదికీ పిచ్చెక్కిందేటి?" అని అడిగి మరీ వెళ్ళింది.

ఆ నవ్వుల మధ్యలోనే పిల్ల వేలు ఆగిపోయింది. ఇంగ్లీషు గుట్ట నడుమ ఒక మెయిలు తెలుగులో ఉంది, అక్కని అప్పా అని పిలిచే తమ వైపు తెలుగులో.

"అప్పా, మీ బొంత అంచు చూశాను. మా అమ్మ కుట్టు అలాగే ఉండేది. మన చుట్టుపక్కల బొంతలు కుట్టేవాళ్ళందరం ఒకసారి కలుద్దామా, మీ ఇంట్లో చోటిస్తారా అని అడిగితే మీరు అవునన్నారు. శనివారం కోరాపుట్‌లో రైలెక్కుతాం. కుదరకపోతే ఒక్క మాట రాయండి. కుంతి, పొట్టంగి."

దాని పైన ఇంకొకటి. "మీరు ఏమీ రాయలేదు. కుదిరిందనుకున్నాం. వస్తున్నాం." కింద ఫోను నంబరు.

"ఏ శనివారమే?" అంది బాలామణి.

"ఇయ్యాలే అత్తా."

లక్ష్మిప్రియ ఆ నంబరుకి ఫోను చేసింది. అవతల రైలు హోరు. "ఆ, అప్పా! బయలెల్లిపోయాం! మొత్తం మేము..." అంటుండగా గొంతు మాయమైంది. కోరాపుట్ నుంచి రాయగడ దాకా కొండల్లో సొరంగాల మీద సొరంగాలు. మళ్ళీ చేస్తే, "అందరికీ సోటు సాలకపోతే అరుగు మీదైనా..." అని ఇంకో సొరంగం మింగేసింది. మూడోసారి ఎవరో ముసలమ్మ ఎత్తి, "అన్నం ఒండకండమ్మా, మాకు ఉప్మా అయినా..." అంటూ చీకట్లోకి వెళ్ళిపోయింది.

"ఎంతమందో సెప్పరేటే!" అని బాలామణి నెత్తి బాదుకుంది. భయమూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చి, ఏది ముందు కానివ్వాలో తెలియక అరుగు మీద కూలబడింది. ఆ వెంటనే లేచి చెంగు బిగించింది. సూర్యకాంతమ్మ ఇంట్లో పెళ్ళిళ్ళకి వాడే గుండిగ దిగింది. ఇంట్లో ఉన్న రవ్వ, పక్కింటి రవ్వ, వెనకింటి ఉల్లిపాయలు అందులో కలిశాయి. పోపు ఘాటుకి సందంతా తుమ్మింది. గుండిగని సూర్యకాంతమ్మకి అప్పజెప్పి అత్తాకోడళ్ళు స్టేషనుకి పరిగెత్తారు.

బండి ఆగింది. తల మీద మూటతో ఒకామె దిగింది. వెనక మరో ఇద్దరు. తరవాత నందపూర్ నుంచి ఒక ముసలమ్మ, బోరిగుమ్మ నుంచి అక్కాచెల్లెళ్ళు, ఆ వెనక ఇంకా మూటలు. ఏ ఊరి పెళ్ళివారని అడిగాడు టీ అమ్మే అతను. బాలామణికి లెక్క తప్పింది.

ముందు దిగినామె మూట దించి, "నానే కుంతినప్పా," అంది.

బాలామణికి అబద్ధం రాదు. "అమ్మీ, నిజం సెప్తాను. మీరొస్తన్నారని నాకు పొద్దున్నదాకా తెలీదు."

"మరి అవునన్నారు కదప్పా?"

"నాను అందరికీ అవునన్నాను!"

కుంతి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నానూ అంతే అప్పా. ఎవులో ఏదో అడిగితే నొక్కేసేను. తీరా సూత్తే ఈ గ్రూపుకి నన్నే పెద్దని సేసేసేరు!"

ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకో తెలియకుండానే మిగతావాళ్ళూ నవ్వారు. మూటలకి ఒక ట్రాలీ ఆటో మాట్లాడి, మనుషులు దాని వెనక ఊరేగింపులా నడిచారు.

ఉప్మా గుండిగ అడుగు కనబడేదాకా తిన్నారు. తరవాత మేడ మీద మూటలు విప్పారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, వెలిసిన నీలం. మేడ నిండి, పిట్టగోడల మీద కూడా బొంతలు వేలాడాయి. బాలామణి సిగ్గుపడుతూ తనది పరిచింది. నందపూర్ ముసలమ్మ దాని పైభాగం చూడనే లేదు. నేరుగా తిరగేసి, వెనకవైపు కుట్టుని వేలితో తడిమింది. ఒకరి తరవాత ఒకరు అందరూ తిరగేసి చూశారు. ఇన్నేళ్ళలో ఆమె బొంతని తిరగేసి చూసినవాళ్ళు లేరు. బాలామణి మంచినీళ్ళ వంకతో లేచి కిందికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి మేడ మీద యుద్ధం నడుస్తోంది. దారానికి మైనం రాయాలని బోరిగుమ్మ అక్క, అక్కర్లేదని చెల్లెలు. మధ్యలో సూర్యకాంతమ్మ ఒక పసుపు బొంతని చెంపకి ఆనించుకుని, "ఇంత మెత్తగుంటాదేటి?" అని ఎవరినని కాకుండా అడుగుతోంది. డ్యూటీ దిగి వచ్చిన తిరుపతిరావు మెట్ల మీంచి తలెత్తి చూసి, దిగిపోయి అందరికీ టీ పెట్టించుకొచ్చాడు. కోతలయ్యాక బోరిగుమ్మలో కలవాలనుకున్నారు. ఈసారి మెయిలు కాదు, ఫోనులో నోటిమాటగా చెప్పుకోవాలని లక్ష్మిప్రియ అందరి చేతా ఒట్టు వేయించింది.

సాయంత్రం బండికి అందరూ లేచినా నందపూర్ ముసలమ్మ లేవలేదు. బాలామణి సగం కుట్టి వదిలిన బొంత ఒకటి ఒళ్ళో వేసుకుని ఒక మూల కుడుతూ కూర్చుంది. కుంతి రెక్క పట్టుకుని లేపితే, సూదిని అలాగే దారంతో సహా గుడ్డలో గుచ్చి బాలామణి చేతిలో పెట్టింది.

"ఈ మూల నాది. నువ్వు ముట్టకు. నానొచ్చి కుడతాను," అని మెట్లు దిగింది.