రెండు కాలేజీలకు ఒకే మాట

నేను ఒక నల్ల కోటుని, ఆడవాళ్ళు తొడుక్కునేదాన్ని. గుంటూరు అరండల్‌పేటలో ఖాజా అనే టైలరు నన్ను కుట్టాడు. కాత్యాయని గారు అప్పుడే డాక్టరీ పూర్తిచేసి, అమెరికాలో ఇంటర్వ్యూలకి బయల్దేరుతున్నారు. చలి దేశమని లోపల మందపాటి లైనింగు వేయించుకున్నారు. తీరా వెళ్ళాక అక్కడి గదులన్నీ వెచ్చగా ఉండి, ఆవిడ చెమటలు కక్కారు. అయినా కొలంబస్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఆ ఘనత నాకు కట్టబెట్టారు.

అప్పట్నుంచి కొలంబస్‌లో తెలుగువాళ్ళ పిల్లలు మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్తుంటే నన్ను అడిగి తీసుకెళ్ళేవారు. ఏళ్ళ తరబడి చదివింది వాళ్ళు, కలిసొచ్చింది మాత్రం కోటట. సీటు రానివాళ్ళు నన్నేమీ అనకుండా డ్రైక్లీనింగ్ చేయించి ఇచ్చేవారు. మనుషులకి ఆపాటి మర్యాద ఉంది.

అలాగే నిరుపమ దగ్గరికి వచ్చాను. నెమ్మదైన పిల్ల. రెండు కాలేజీల్లో ఇంటర్వ్యూలు బాగానే చేసింది. ఒకటి కొలంబస్‌లోదే, చిన్నప్పట్నుంచీ అక్కడే చదవాలని కోరిక. రెండోది వేరే రాష్ట్రంలో ఉంది. రెండు చోట్లా వెయిటింగ్ లిస్టులో పెట్టారు.

అలాంటప్పుడు పిల్లలు ఒక ఉత్తరం రాస్తారు. మీరు సీటిస్తే మీ దగ్గరే చేరతాను, మిగతావన్నీ వదులుకుంటాను అని. ఒక్క కాలేజీకే రాయాల్సిన ఉత్తరం అది. నిరుపమ కొలంబస్ కాలేజీకి రాసింది. తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ విన్నాను, తల్లికి చదివి వినిపించింది. ప్రతి మాటా నిజమే.

వారాలు గడిచినా జవాబు లేదు. రెండోవాళ్ళకి కూడా రాసెయ్యమంది తల్లి. అబద్ధమవుతుంది కదమ్మా అంది నిరుపమ. ఎవరు చదువుతారే, చదివినా ఎవరు గుర్తుపెట్టుకుంటారు అంది తల్లి. ఆ పిల్ల చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది. చివరికి అదే ఉత్తరంలో కాలేజీ పేరు మార్చి పంపింది. ఈసారి పైకి చదవలేదు.

ముందు సీటిచ్చింది ఆ రెండో కాలేజీయే. ఇంట్లో పండగ చేసుకున్నారు. తప్పకుండా వస్తానని నిరుపమ జవాబిచ్చింది. కొన్నాళ్ళకే కొలంబస్ కాలేజీ నుంచీ పిలుపొచ్చింది. ఆలోచించడానికేమీ లేదన్నట్టు నన్ను తొడుక్కుని కాగితాలివ్వడానికి వెళ్ళింది. అక్కడ ఆఫీసులో ఒకావిడని మొహమాటపడుతూ అడిగింది, తన ఉత్తరం ఏమైనా ఉపయోగపడిందా అని. ఇక్కడ ఉత్తరాలు చూడరమ్మా, లిస్టులో వరస ప్రకారం మీ వంతు వచ్చింది, అంతే అందావిడ.

నిరుపమ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఎవరూ చదవని కాగితానికి ఇన్నాళ్ళూ తల్లడిల్లానా అనుకుందేమో. ఇంటికొచ్చి, నన్ను విప్పకుండానే రెండో కాలేజీకి ఫోన్ చేసింది. ఇంటర్వ్యూ చేసిన పెద్ద డాక్టరమ్మే మాట్లాడింది. కుటుంబ కారణాల వల్ల రాలేకపోతున్నానని చెప్పింది నిరుపమ.

"అయ్యో, ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆ అడగడంలో నిజమైన కంగారు ఉంది. నిరుపమ భుజాలు నాలో ముడుచుకుపోయాయి. చంకల్లో చెమట లైనింగు దాటి నా గుడ్డలోకి దిగింది. ఇంతమందిని మోశాను గానీ, ఆ క్షణంలోలా ఎవరి ఒంటిమీదా ఉండలేననిపించలేదు. సిగ్గుకింత వేడి ఉంటుందని నాకు తెలీదు.

"అందరూ బాగున్నారండీ. నేనే అబద్ధం చెప్పాను. ఆ ఉత్తరం రెండు చోట్లకీ రాశాను," అంది.



"చివరి సీటుకి మీరూ ఇంకో అబ్బాయీ సమానంగా ఉన్నారు. ఈ అమ్మాయి తప్పకుండా వస్తుందని, మీ ఉత్తరం చూపించి కమిటీలో నేనే మాట్లాడాను," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. "నిజం చెప్పారు, మంచిది. అతను ఇంకో చోట చేరిపోకపోతే బాగుణ్ణు. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

నిజం రాసిన ఉత్తరాన్ని ఎవరూ చూడలేదు. అబద్ధాన్ని మాత్రం ఒకావిడ నమ్మి, పదిమంది ముందు చూపించింది.

ఆ అబ్బాయి సంగతి ఏమైందో నిరుపమకి తెలియలేదు. మళ్ళీ అడిగే మొహం లేదు. కాత్యాయని గారు అభినందించడానికి ఫోన్ చేస్తే, స్నానంలో ఉన్నానని చెప్పించింది. నన్ను ఉతికించింది గానీ, తిరిగి ఇవ్వడానికి చాలా రోజులు వెళ్ళలేకపోయింది. చివరికి కాత్యాయని గారే ఉదిత అనే పిల్లని పంపారు. తనకీ ఇంటర్వ్యూ ఉందట.

ఉదిత గుమ్మంలోనే నన్ను తొడుక్కుని చూసుకుంది. చేతులు కాస్త పొడుగయ్యాయి. మడత పెట్టుకుంటూ అడిగింది:

"అక్కా, ఆ ఉత్తరాలేవో రాస్తారట కదా. నిజంగా పనిచేస్తాయా?"

పనిచెయ్యవు అని చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. నిరుపమ ఆ పిల్ల మొహంలోకి చూడలేక, నా కాలరు సరిచేస్తూ నిలబడింది.

"పనిచేస్తాయి. అందుకే ఒక్కరికే రాయి," అంది.