ఆరని ఎర్రబత్తి

మోటారు కారు కింద వెల్లకిలా పడుకున్న ముత్తన్న గొణుగుతూనే ఉన్నాడు. బయటికి కనిపిస్తున్నవి అతని నెరిసిన వెంట్రుకల మోకాళ్లు, నూనె మరకల ఖాకీ నిక్కరు మాత్రమే. ఆ గొణుగుడంతా మోటారుతోనే. మనుషులతో కన్నా దానితోనే అతనికి మాటలెక్కువ.

వచ్చిన తంటా చిన్నదే. బ్రేకు తొక్కితే వెలిగి, వదిలితే ఆరాల్సిన వెనక ఎర్రబత్తి దసరా వెళ్లినప్పటి నుంచి ఆరడం మానేసింది. మోటారు యజమాని ఆత్మారాం నిజామాబాదులో కట్టెల వ్యాపారి. బోధన్‌లో కొత్తగా కడుతున్న చక్కెర ఫ్యాక్టరీకి దూలాలు పంపుతూ తరచూ ఆ దారిన పోతుంటాడు. మీ డ్రైవరు ఇక్కడ తొక్కిన బ్రేకు బోధన్ దాకా వదలడని వెనక లారీల వాళ్లు అతనితో అన్నారు. ఆత్మారాం నవ్వలేదు. ముత్తన్నకు వయసు మీదపడిందనీ, భయంతో బ్రేకు మీదే కాలుపెట్టి నడుపుతున్నాడనీ అనుకున్నాడు. ఈ సాయంత్రానికి బత్తి సంగతి తేలకపోతే వేరే డ్రైవరును చూసుకుంటానని మొహం మీదే చెప్పాడు.

భయమన్న మాటకు ముత్తన్నకు కోపం కన్నా నవ్వే ఎక్కువ వచ్చింది. నిజాంసాగర్ కాలువ తవ్వుతున్న రోజుల్లో ఇంజనీర్లను ఆ మట్టిదిబ్బల మీద తిప్పినవాడు అతను. తన చక్రం కింద ఒక్క కోడిపిల్ల కూడా పడలేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంటాడు.

తీగలు తడిమాడు. స్ప్రింగు లాగి చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి బ్రేకు కాడ దగ్గర అతని వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది. తీరా చూస్తే తను కట్టిన పసుపుదారమే! దసరా పూజకు డ్రైవర్లంతా స్టీరింగుకు దారం కడతారు. ముత్తన్న మాత్రం బ్రేకుకు కడతాడు. నడిపించడం ఎవడైనా చేస్తాడు, ఆపేదే దేవుడని అతని వాదన. ఈ ఏడు భక్తి కాస్త ఎక్కువై దారం బాగా మందంగా చుట్టాడు. దానికి నూనె, దుమ్ము పట్టి బిరుసెక్కి, బ్రేకును పూర్తిగా పైకి లేవనివ్వడం లేదు. దేవుడికి దండం పెట్టుకుని దారం కోసేశాడు. బత్తి టక్కున ఆరిపోయింది.

ఆత్మారాంను పిలిచి చూపించాడు. ఆత్మారాం తలూపి ఎక్కి కూర్చున్నాడు. బోధన్ దారి పొడుగునా స్టీరింగు పక్కనున్న చేతి మీటతో వేగం పెంచుతూ, ముత్తన్న ఈల వేస్తూనే నడిపాడు. రెండు పక్కలా చెరకు తోటలు నిండుగా ఉన్నాయి. బోధన్‌లో దిగాక వెనకే వచ్చిన లారీ డ్రైవరు నర్సింలు అతన్ని పక్కకు పిలిచి, బత్తి దారంతా వెలుగుతూనే ఉందని మెల్లగా చెప్పాడు. ఎండకు మెరిసి ఉంటుందిలే అని ముత్తన్న కొట్టిపారేశాడు. అయినా తిరుగుదారిలో ఈల వేయలేదు.

మసక వేళకు షెడ్డు చేరాడు. ఆత్మారాం దిగి ఇంట్లోకి వెళ్లాడు. బీడీలు చుట్టి వస్తూ రోజూ షెడ్డు దగ్గర ఆగే ఈరవ్వ, ముత్తన్న భార్య, అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. వెనక నిలబడి బత్తి చూడమని ఆమెకు చెప్పి ముత్తన్న బ్రేకు తొక్కాడు. వెలిగిందన్నది. వదిలాడు.

"ఆరిందా?"

"లే."

"కాలు తీసిన గదనే."

"నువ్వు తీసినవేమో. బత్తి ఆరలే."

ముత్తన్న వంగి చూశాడు. కాలు బ్రేకు మీదే ఉంది. కింది పలక మీద పెట్టాననే అతను అనుకుంటున్నాడు. ఎవరి కాలునో చూసినట్టు చాలాసేపు చూశాడు. ఎండాకాలంలో పొయ్యి దగ్గర నిప్పుకణిక తొక్కి, ఈరవ్వ అరిచే దాకా తెలియకపోవడం గుర్తొచ్చింది. అప్పుడు తన అరికాలు గట్టిదని గొప్ప చెప్పుకున్నాడు.

ఈరవ్వ తలుపు దగ్గరికి వచ్చి చూసింది. ఆమెకూ అర్థమైంది.

"గా బత్తి తీగ తెంపరాదు? ఎవలకు తెలుస్తది?"

తెంపడం ఎంతసేపు? తీగలు కోసే కట్టరు చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముత్తన్నకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, తువ్వాలతో తుడుచుకున్నాడు.

"తెంపితె బత్తి ఆరుతది. రేపు ఎవలన్న అడ్డమొస్తె, బ్రేకు తొక్కిన్నో లేదో నాకెట్ల తెల్వాలె?"

పొయ్యి ముట్టించు, వెనకే వస్తానని ఆమెను పంపేశాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని కాలు పక్కకు లాగాడు. బత్తి ఆరింది. దిగి, తలుపు వేసి, అద్దం మీది దుమ్ము తుడిచి, ఆత్మారాం ఇంటి అరుగు ఎక్కాడు.

"బత్తి మంచిగనే ఉన్నది సావుకారీ. దాని తప్పేం లేదు. రేపటికెల్లి నర్సింలును పెట్టుకోండ్రి. ఆని కాలు మంచిగున్నది."

పొద్దున పనిలోంచి తీసేస్తానన్న మనిషే ఇప్పుడు దీపావళి దాకా ఉండమన్నాడు. ముత్తన్న తాళంచెవి అతని చేతిలో పెట్టి దండం పెట్టాడు. గేటు దాటి కంకర రోడ్డు మీద తల ఎత్తుకుని, ఎక్కడా తడబడకుండా ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున నర్సింలు మోటారు తలుపు తీసేసరికి, బ్రేకు కింద మడమ అరిగిన ముత్తన్న కుడికాలి చెప్పు ఒక్కటే పడి ఉంది.