అందరూ అవుననే దారి

నమ్యాలోకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన ఇంట్లో దిగిన అతిథి పొద్దున బయటికి వెళ్ళి, మళ్ళీ తిరిగి రాకపోవడం. ఏడాది నిండని కూతురు సూబీ తుమ్మితేనే గుండె గుభేలుమనే మనిషి ఆమె. ఊరి పక్క రోడ్డు మీద గీసిన భూమధ్యరేఖ దగ్గర ఫొటోలు దిగే పరదేశీయులకు పక్క గది ఇద్దామని భర్త సున్నం వేయించిన రోజు నుంచి ఈ కొత్త భయం కూడా పట్టుకుంది.

అందుకే ఆ గది తలుపు వెనక ఒక కాయితం అంటించింది. ఏడో తరగతితో ఆగిన చదువు. నాలుగుసార్లు చిత్తు రాసి, ఐదోసారి మంచి కాయితం మీదికి ఎక్కించింది. "కాచిన నీళ్ళే తాగండి. చీకటి పడకముందే దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. మలేరియా మందు ఒక్కరోజు కూడా మానకండి. ఆకాశం ఎంత తేటగా ఉన్నా వానకోటు వదలకండి. ఫొటో తీసే ముందు మనిషిని అడగండి. ఏది అడగాలన్నా ముందు పలకరించండి."

భర్త చదివి నవ్వాడు. "ఇది చూశాక గదిలోంచి బయటికి వచ్చే ధైర్యం ఎవడికుంటుందే?"

మొదటి అతిథి ఇంగర్‌కు ఉంది. నార్వేలో తపాలా ఉద్యోగం చేసి మానేసిన అరవై ఏళ్ళ మనిషి. పొద్దున్నే టీ తాగి, సరస్సు చూసి వస్తానని బయల్దేరింది. గడపలో నిలబడి ముఖం పైకెత్తింది.

"ఇవాళ వాన రాదు కదా?"

సరస్సు వైపు మబ్బు అప్పటికే కమ్ముతోంది. కానీ ఆ ముఖంలో ఎంత ఆశ!

"రాదమ్మా" అంది నమ్యాలో. వానకోటు మేకుకే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి వాన దంచి కొట్టింది. అది వెలిసి, చూరు నీళ్ళు ఆగిపోయినా ఇంగర్ జాడ లేదు. నమ్యాలో సూబీని వీపున గుడ్డతో కట్టుకుని, కోటు చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో బయల్దేరింది.

దారి చీలే చోట, ఊళ్ళో అరటిగెలలు అమ్మే కగ్గ్వా సైకిలు తోసుకుంటూ ఎదురయ్యాడు.

"అన్నా, తెల్లజుట్టు పరదేశీ ఆవిడ కనిపించిందా?"

"కనిపించకేం! ఇది సరస్సుకేనా అని ఎడమ దారి చూపించి అడిగింది. అవునన్నాను."

"అది బురదరెల్లులోకి కదా పోయేది!"

"అటే పోతుంది."

"మరి అవునని ఎందుకన్నావు?"

"అంత దూరం నుంచి వచ్చిన మనిషి, నవ్వుతూ అడిగింది. ముఖం మీద కాదని ఎలా అంటానమ్మా? నువ్వైతే అంటావా?"

నమ్యాలో చంకలోని వానకోటు సర్దుకుంది. పొద్దున గడపలో తాను చేసిందీ అదే కదా.

ఎడమ దారిలో కాఫీగింజలు ఏరుతున్న ఆడవాళ్ళని నమ్యాలో అడిగింది. ఇంగర్ అడిగితే వాళ్ళూ అవునన్నారట. ఒకామె అయితే "త్వరగా వెళ్ళమ్మా, దగ్గరే" అని కూడా చెప్పిందట.

ఆ దారి చివర బురదరెల్లు మొదలవుతుంది. అక్కడ అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడుతుంది, గట్టిగా కేకేసినా ఆ రెల్లు దాటి బయటికి వినపడదు. నమ్యాలో కళ్ళ ముందు తెల్లజుట్టు ఒక్కటే తేలుతూ కనిపించింది. వీపు మీద సూబీ మాత్రం అమ్మ జడ నోట్లో పెట్టుకుని హాయిగా చప్పరిస్తోంది.

రెల్లుకు ఇవతల ఒంటరి ఇల్లు ఒకటి, జాజా నలుగ్వాది. జాజా అంటే అవ్వ. ఆమె గుమ్మం ముందు బురద పట్టిన పెద్ద పెద్ద బూట్లు రెండు ఉన్నాయి.

అవ్వ గుమ్మంలోకి వచ్చింది. పెద్దల ముందు పాటించే ఆ ఊరి మర్యాద ప్రకారం నమ్యాలో బిడ్డతో సహా తడినేల మీద మోకరించింది. పెద్దదాన్ని పలకరించకుండా ప్రశ్న వేయడం ఎక్కడుంది?

"ఎలా ఉన్నావు బిడ్డా?"

"బావున్నాను జాజా."

"ఇంట్లో అందరూ?"

"బావున్నారు జాజా. లోపల..."

"మీ ఆయన? మేకలు? పిల్లకి పళ్ళు వచ్చాయా?"

"రెండు వచ్చాయి జాజా." అంటూనే అవ్వ పక్కనుంచి లోపలికి తొంగిచూసింది.

"వచ్చాయా! అయితే లోపలికి రా. నీ అతిథి నా కుండ ఖాళీ చేస్తోంది."

ఇంగర్ అవ్వ దుప్పటి కప్పుకుని చాప మీద కూర్చుని, అరటికాయ ముద్దను వేరుశెనగ పులుసులో ముంచుకుని తింటోంది. "నమ్యాలో! ఇది సరస్సుకి పోదుగా!"

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు, బూట్లు బురదలో దిగబడితే అర్థమైంది. ఈవిడనీ అడిగాను, అవునని చెప్పి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది."

అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. "నా గుమ్మం తొక్కి మూడు నెలలైంది ఎవరైనా. దారి చెప్పి పంపించేసేంత పిచ్చిదాన్నా?"

నమ్యాలోకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తనకూ ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది. తిన్నాక, కర్ర పట్టుకుని అవ్వ సగం దారి వరకు సాగనంపింది. అక్కడ ఆగి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

ఇంటికి రాగానే నమ్యాలో కలం తీసుకుని కాయితం అడుగున ఇరికించి రాసింది.

"ఇది ఫలానా చోటికేనా అని ఎవరినీ అడగకండి, అందరూ అవునంటారు. నేనూ అంటాను. ఈ దారి ఎక్కడికి పోతుంది అని అడగండి. వాన గురించి నన్ను అడగొద్దు, కోటు తీసుకెళ్ళండి. అయినా దారి తప్పితే, ఎడమ దారి చివర జాజా నలుగ్వా ఇల్లుంటుంది. ముసలిది, ఒక్కతే ఉంటుంది. వంటింట్లోంచి పొగ వస్తోందో లేదో చూసి, ఒకసారి పలకరించి, ఎలా ఉందో నాకు వచ్చి చెప్పండి. దారి తప్పకపోయినా సరే, దయచేసి వెళ్ళి చూడండి."