నివాస ప్రాంతంలో ఒక పూతరేకుల కుండ

నేను ఒక కుండను. అయితే నాలో ఎవరూ చుక్క నీళ్ళు పోయలేదు, పిడికెడు గింజలు దాచలేదు. పుట్టినప్పటినుంచీ నన్ను బోర్లించే ఉంచారు. తక్కిన కుండలకు కడుపుతో పని, నాకు వీపుతో పని. నేను పూతరేకుల కుండను.

గోదావరి లంకలో సూరన్న అనే కుమ్మరి నన్ను చేశాడు. మెత్తటి మన్ను ఏరి, జల్లించి, తడి గుడ్డతో నా వీపును పసిపిల్ల బుగ్గలాగా నునుపు చేశాడు. "ఇది అచ్చాయమ్మగారికి. గరుకు తగిలిందంటే నా నెత్తిమీదే బద్దలుకొడుతుంది ఆ తల్లి" అని భార్యతో నవ్వుతూ అన్నదే నేను విన్న మొదటి మనిషి మాట.

అచ్చాయమ్మ నన్ను పొయ్యిమీద బోర్లించింది. నా ఒంటికి ఒక పక్కనున్న కన్నంలోంచి ఎండు కొబ్బరాకులు తోసి మంట పెట్టింది. వీపుకు నూనె రాసింది. కాల్చింది. మళ్ళీ రాసింది. కొన్నాళ్ళకు నా వీపు నల్లగా నిగనిగలాడింది. అప్పుడు పాలలా పలచగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి నా మీద ఒక్కసారి పరిచి లాగింది. రెప్ప వేసి తీసేలోగా తెల్లటి పొర ఆరి, అంచు లేచింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, "వచ్చింది రేకు" అని నాకు దండం పెట్టుకుంది. పని మొదలుపెట్టేముందు రోజూ నా కన్నం అంచున ఇంత పసుపు, కుంకుమ అద్దేది. వీపు మీద మాత్రం ఎన్నడూ అద్దలేదు. దేవుణ్ణి ఎక్కడ ముట్టుకోవాలో ఆమెకు తెలుసు.

ఆ ఊళ్ళో అరుగుకొక పొయ్యి ఉండేది. ఇల్లు ఎక్కడ అయిపోయి పని ఎక్కడ మొదలయిందో అడిగినవాళ్ళు లేరు. ఒకరి పొగ ఒకరి ఇంట్లోకి పోయేది, ఒకరి దగ్గు ఒకరికి వినబడేది. అంతే.

అచ్చాయమ్మ పోతూ పోతూ నన్ను కోడలు మంగతాయారు చేతిలో పెట్టింది. మంగతాయారు భర్త పేర్రాజుకు పట్నంలో లారీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సామానంతా లారీలో వేసి, నన్ను మాత్రం ఆమె చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. "ఒళ్ళో పసిపిల్లాడా అమ్మా?" అన్నాడు కండక్టరు. "మా అత్తగారండి" అంది. అతను టికెట్టు కొట్టి ముందుకు జరిగాడు.

పట్నంలో వాళ్ళది ఒక కాలనీ చివరిల్లు. పెరట్లో ఇనపరేకుల పందిరి వేసి నన్ను నిలబెట్టారు. పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ ఆమె చేసే పూతరేకులు కాలనీ దాటి పేరు తెచ్చుకున్నాయి. పంచదారా నెయ్యీ యాలకులూ చల్లి మడిచేది ఎప్పుడూ నాకు దూరంగానే. ఇన్నేళ్ళలో నేను రేకు మాత్రమే ఎరుగుదును, తీపి ఎరగను. మనుషుల్లో కూడా ఇలాంటి వాళ్ళున్నారని తర్వాత తెలిసింది.

ప్రహరీకి అవతల విశాలాక్షమ్మగారి ఇల్లు. ఆవిడ తెల్లవారకముందే స్నానం చేసి, మడిబట్టలు దండెం మీద ఆరేసుకునేది. ఆ బట్టలను ఎవరూ తాకకూడదు. పొగకు ఆ సంగతి తెలియదు కదా.

"ఏమే తాయారూ! నా మడిచీర కంపు కొడుతోందే! దీన్ని కట్టుకుని దేవుడి ముందు ఎలా కూర్చోను?"

"మరి మీ సాంబ్రాణి రోజూ సాయంత్రం మా వంటింట్లోకి వస్తోంది కదండీ పిన్నిగారూ. నేనేమైనా అన్నానా?"

"అది దేవుడి పొగే!"

"ఇదీ పెళ్ళి పొగేనండి. అక్షింతలకి ముందరిది."

ఇద్దరూ గోడకు చెరొక పక్కా నిలబడి అరుచుకునేవారు. సాయంత్రం అదే గోడమీదుగా ఒక ఆకులో చిరిగిన రేకులు అటు వెళ్ళేవి, ఒక గిన్నెలో మాగాయ ఇటు వచ్చేది. ఏది తగవో, ఏది చెలిమో నాకు అంతుబట్టేది కాదు.

ఇంతలో పేర్రాజుకు ఉత్సాహం వచ్చింది. గేటుకు పెద్ద బోర్డు కట్టించాడు. ఎర్రటి అక్షరాలు, పక్కన లక్ష్మీదేవి బొమ్మ, చుట్టూ చిన్న దీపాలు. మంగతాయారు చూసి, "ఇది ఇల్లాండీ, సినిమాహాలా?" అంది. "పేరు నలుగురికీ తెలియాలే" అన్నాడు. తెలిసింది. ఒక ఉదయం టౌన్ ప్లానింగ్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి స్కూటీ ఆపి లోపలికి వచ్చింది. ఆమె పేరు సుకన్య.

"ఇది నివాస ప్రాంతమండీ. ఇక్కడ దుకాణం నడపకూడదు."

"దుకాణం ఎక్కడుందమ్మా? ఇది మా ఇల్లు. పెరట్లో కూర్చుని నేను చేసుకుంటాను."

సుకన్య కసిరే మనిషి కాదు. పీట వేస్తే కూర్చుని విడమరిచి చెప్పింది. ఇంట్లో ఉండే మనుషులు ఇంట్లోనే చిన్న పని చేసుకోవచ్చు. కానీ ఇల్లు చూస్తే ఇల్లులాగే ఉండాలి. బోర్డు ఉండకూడదు, వాకిట్లో బళ్ళు బారులు తీరకూడదు, జీతానికి మనుషుల్ని పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పొగ వల్ల పొరుగువాళ్ళకు ఇబ్బంది ఉండకూడదు. "వచ్చే నెల మళ్ళీ వస్తాను. పొగ సంగతి తేలకపోతే పొయ్యి తీసేయించాల్సి వస్తుంది. అప్పుడు బజారులో షాపు చూసుకోవాలి" అంది.

బోర్డు ఆ సాయంత్రమే దిగింది. పొగను దించడమెలా? పైగా మంగతాయారు మనసులో వేరే పొగ రాజుకుంది. "ఆవిడే పిటిషన్ పెట్టింది" అంది భర్తతో. ఆరోజు నుంచి గోడమీదుగా ఆకూ వెళ్ళలేదు, గిన్నే రాలేదు. అరుపులు కూడా లేవు. ఆ మౌనం నాకు పొయ్యి వేడికన్నా ఎక్కువగా తగిలింది.

పేర్రాజు బజారు వీధిలో ఒక చిన్న షాపు అద్దెకు మాట్లాడాడు. మంచిరోజు చూసి నన్ను అక్కడికి మోశాడు. భార్య స్నానం చేసి వచ్చేలోగా పూజ తనే చేద్దామనుకున్నాడు. మంచివాడు, దైవభక్తి ఉన్నవాడు. ఇన్నేళ్ళూ నా దగ్గరికి వచ్చి చూసినవాడు కాడు. తడి పసుపు గిన్నెడు కలిపి, నా వీపంతా దట్టంగా పూసి, నడిమధ్య రూపాయంత బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించాడు. మంట కూడా తనే పెట్టాడు.

మంగతాయారు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏవండీ! వీపు మీదాండీ?"

"కొత్త షాపు కదే. శుభమని."

ఆమె గుడ్డ ముంచి లాగింది. రేకు లేవలేదు. పసుపుకు అంటుకుని ముద్దయిపోయింది. రెండోది చిరిగింది. గాభరాపడి పేర్రాజు, "కడిగేస్తాను ఉండు" అని చెంబెడు చన్నీళ్ళు కాలిన నా వీపు మీద గుమ్మరించాడు. నాలో సన్నగా ఒక చప్పుడైంది. కన్నం అంచు నుంచి నడినెత్తి దాకా బీట.

పేర్రాజు మొహం చూస్తే నాకే జాలివేసింది. మంగతాయారు తిట్టలేదు. బీటను వేలితో నిమిరి, "అత్తయ్యగారూ, ఏమనుకోకండి. ఆయన మీ కొడుకే" అంది. భక్తితో చేసిన తప్పును దేవుడు ఏ ఖాతాలో వేస్తాడో నాకు తెలియదు. నేను మాత్రం క్షమించాను. పూసినప్పుడు పసుపు చల్లగానే ఉంది మరి.

షాపు వదిలేశారు. రోడ్డు దుమ్ము, గాలి, లారీల అదురు మధ్య రేకు ఎలాగూ నిలిచేది కాదు. ఇక పని మానేయడమే అనుకుని మంగతాయారు పెరట్లో ఊరికే కూర్చుంది. గోడమీద ఒక తల కనబడింది.

"ఏమే, చచ్చావా బతికావా? ఇన్నాళ్ళుగా పొగ లేదు, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నానండి. మీ పిటిషన్ పుణ్యమా అని పొయ్యి ఆర్పేశాను."

విశాలాక్షమ్మగారు గోడమీదికి ఇంకాస్త వంగింది. తర్వాత గొంతు పెంచింది. "పిటిషనా? నేనా? ఇంత నోరు దేవుడు నాకెందుకిచ్చాడే! తిట్టాల్సి వస్తే గోడెక్కి తిడతాను గాని, ఆఫీసుల చుట్టూ తిరుగుతానా?"

మంగతాయారు తల వంచుకుంది. ఆ మాట అబద్ధమయ్యే వీలు లేదని గోడకి కూడా తెలుసు.

"నా బట్టలు తొమ్మిదింటికల్లా ఆరిపోతాయి. తీసుకున్నాక కేకేస్తాను. అప్పుడు వెలిగించుకో. ఆ పేర్రాజుతో చెప్పి పైకి ఒక గొట్టం పెట్టించు. బోర్డుకి పెట్టినవాడు గొట్టానికి పెట్టలేడా?"

సుకన్య చెప్పినట్టే వచ్చింది. అప్పటికి సూరన్న కొడుకు చేసిన కొత్త కుండ నా స్థానంలో నూనె తాగుతోంది. పందిరి మీద పొగగొట్టం లేచింది. సుకన్య అన్నీ చూసి, గోడ దగ్గరికి వెళ్ళి అడిగింది. "అమ్మా, ఈ పొగ వల్ల మీకు ఇబ్బంది ఉందా?"

మంగతాయారు చేతిలో గుడ్డ నుంచి పిండి బొట్లు నేలమీద పడుతున్నాయి.

"ఉంది" అంది విశాలాక్షమ్మగారు.

సుకన్య పెన్ను తీసింది.

"గాలి ఇటు తిరిగితే ఇప్పటికీ వస్తుంది. అయితే ఏం? ఇబ్బంది ఉంటే తాయారుకే చెప్పుకుంటాను. అది వింటుంది. మధ్యలో నువ్వెందుకమ్మా ఎండలో తిరగడం? ఒసేయ్ తాయారూ, ఆ పిల్లకి రెండు రేకులు పెట్టు."

సుకన్య నవ్వు ఆపుకోలేకపోయింది. పెన్ను మూసి, "ఫిర్యాదు లేదు అని రాసుకుంటాను. బోర్డు మాత్రం మళ్ళీ పెట్టకండి" అంది. "అసలు ఆ దీపాలు చూసే నేను లోపలికి వచ్చాను." పేర్రాజు ఇంటి లోపలికి నడిచాడు.

ఇక నా సంగతి. బీటపడిన కుండను పారేయడానికి మంగతాయారుకు చేతులు రాలేదు. బతుకులో మొదటిసారి నన్ను తిప్పి, నోరు పైకి పెట్టి, కన్నానికి పెంకు అడ్డుపెట్టి, మట్టి నింపి, మరువం నాటి ప్రహరీగోడ మీద నిలబెట్టింది. అటు కొమ్మలు విశాలాక్షమ్మగారు దేవుడికి తుంచుతుంది, ఇటు కొమ్మలు మంగతాయారు జడలో పెట్టుకుంటుంది. ఉదయం నాకు ఒక పక్క సాంబ్రాణి, తొమ్మిది దాటాక "తీసుకున్నానే!" అన్న కేక, ఆ వెంటనే రెండో పక్క కొబ్బరాకుల పొగ.

గోడ ఎవరి హద్దులోదో ఏ కాగితంలో ఉందో నాకు తెలియదు. నాకు ఇప్పుడు రెండు ఇళ్ళు. ఆకాశం కూడా కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ బోర్లా ఉన్నందుకో ఏమో, ఎంత చూసినా తనివి తీరడం లేదు.